ఏడడుగుల మేడ

అమలాపురంలో మేము ఇల్లు కట్టుకున్న స్థలం ఒకటిన్నర సెంటు. పొడవు బాగానే ఉండేది కానీ వెడల్పు ఏడడుగులే. తొంభైల మధ్యలో, కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తూ అమ్మ కొన్నది. పక్కింటి మామయ్యగారు ట్రాక్టరు పెట్టుకోవడానికి ఎప్పటినుంచో ఆ స్థలం బేరమాడుతున్నారట. అది మాకు దక్కేసరికి ఆయనకు మండింది. అమ్మ సెలవుకు వచ్చినప్పుడు వీధిలో నలుగురి ముందూ అనేశారు.

"ఇందులో ఇల్లేం కడతావమ్మా? కోళ్లగూడు కట్టుకో, సరిపోద్ది."

అమ్మ మళ్లీ కువైట్ వెళ్లి, రెండేళ్ల తరవాత తిరిగొచ్చి, కె.గంగవరం నుంచి ఒక మేస్త్రిగారిని పిలిపించింది.

ఆయన టేపు పట్టి కొలిచి, గోడలు పోను లోపల ఆరడుగులు కూడా మిగలవని, గదులన్నీ రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి రావాలని చెప్పారు. పైన మేడ వద్దన్నారు. అమ్మ వినలేదు. మామయ్యగారి పెరటివైపు గోడ ఎంత ఎత్తు లేస్తే అంత ఎత్తు లేపమంది. నాన్న టైలరు, మెత్తని మనిషి. అంత పంతం ఎందుకని ఒకసారి అడిగి ఊరుకున్నారు.

రెండంతస్తులు లేచాయి. మళ్లీ కువైట్ వెళ్లొచ్చి మూడోది కూడా వేస్తానంది అమ్మ. మెట్ల మలుపులో బీరువా తిరగలేదు, వీధిలోంచి తాళ్లు కట్టి పైకి లాగారు. గృహప్రవేశం నాడు ప్రార్థనకు వచ్చినవాళ్లు ఒకరి వెనక ఒకరు కూర్చుంటే, చివరివాళ్లకు పాస్టరుగారి గొంతు వినిపించింది తప్ప మనిషి కనిపించలేదు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నాకు ఆ ఇల్లు తెగ నచ్చింది. అడ్డంగా పడుకుంటే తల ఒక గోడకి, కాళ్లు ఇంకో గోడకి తగిలేవి.

ఆ ఎండాకాలం పక్కింటి అత్తయ్యగారు వడియాల పిండి గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"వదినగారూ, పొద్దెక్కేదాకా మా పెరట్లోకి ఎండ రావట్లేదండి. మీ డాబా మీద పెట్టుకోవచ్చాండీ?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అయినా అమ్మ ముఖం చిన్నబోయింది. గిన్నె తనే అందుకుని పైకి రమ్మంది. అత్తయ్యగారు కాస్త భారీ మనిషి. మెట్లమీద పక్కకి తిరిగి ఎక్కుతూ సగంలో ఆగిపోయి, ముందు ఆవిడే నవ్వారు. వెనకనుంచి నేను తోశాను.

డాబా మీద నాన్న పాత పంచె తడిపి పరిచి ఇద్దరూ వడియాలు పెట్టడం మొదలుపెట్టారు. కాసేపటికి అమ్మ తలెత్తకుండా అంది.

"అన్నయ్యగారి మీద కోపంతో లేపేనండి ఈ గోడ. మీ ఎండ పోద్దని అనుకోలేదు."

"తెలుసునండి," అన్నారు అత్తయ్యగారు, చెయ్యి ఆపకుండానే.

మూడో రోజు ఆవిడ ద్రాక్షారామం గుడికి వెళ్లినప్పుడు ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. అమ్మా నేనూ పంచె లాగుతుంటే గాలికి ఆగడం లేదు. ఇంతలో మామయ్యగారు మెట్లెక్కి పరుగున వచ్చి రెండో కొస పట్టుకున్నారు. మా ఇంట్లో ఆయన అడుగు పెట్టడం అదే మొదలు. వడియాలు తడవకుండా దించాం. ఆయన మాత్రం తడిసిపోయారు. నాన్న తువ్వాలు ఇచ్చారు, అమ్మ టీ పెట్టింది. మంచం మీద కూర్చుంటే ఆయన మోకాళ్లు ఎదుటి గోడకి ఆనుతున్నాయి. అటూ ఇటూ చూసి, "గాలి బానే ఆడుతోందండి," అన్నారు.

"ఆయ్," అంది అమ్మ.

కోళ్లగూడు మాట ఇద్దరూ ఎత్తలేదు. మళ్లీ కువైట్ వెళ్లొచ్చి ఇంకో అంతస్తు వెయ్యాలన్న మాట అమ్మ మానేసింది. ఊళ్లోనే ఉండిపోయి, ముందుగదిలో నాన్న మిషను వెనక తనో మిషను వేసుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. పక్కపక్కన వేసుకునే చోటు లేదు కదా, రోజంతా నాన్న వీపు చూస్తూ కబుర్లు చెప్పేది. ఆయన వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పేవారు. ఇద్దరికీ అది బాగానే ఉండేది.