నా దుఃఖం పేరు చెప్పి

మొన్నొక ఆదివారం చిక్కబళ్ళాపురంలో మా చెల్లెలి ఇంటి దగ్గరే ఆరాధన చూసుకుని, బాగేపల్లిలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి బస్సులో బయలుదేరాను. పేరేసంద్రలో బస్సు కాసేపు ఆగింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన రెండు షట్టర్లు, రెండింటి మీదా ప్రార్థనా మందిరాల బోర్డులు, నడుమ ఒకే గోడ. రెండు మైకులూ ఒకేసారి మోగుతున్నాయి. ఇటు పాట అటు ప్రసంగంలోకీ, అటు ప్రసంగం ఇటు పాటలోకీ దూరి, ఏది ఎవరిదో పైనున్న దేవుడికే తెలియాలి. పక్క సీటులోని అమ్మాయి అది చూసి నవ్వింది. మొదట అంతా ఒకే సంఘమట, ఏదో పంతం వచ్చి గోడ కట్టుకున్నారట, తనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. సంఘం చీలడమంటే ఏమిటో ఇంట్లో ఉండి చూసినదాన్ని.

మాది చింతామణి. నేను చదివిందీ, సర్కారు బడిలో పిల్లలకు ముప్పై ఏళ్ళకు పైగా చెప్పిందీ కన్నడమే అయినా, ఇంట్లో మాట్లాడేదీ గుడిలో పాడేదీ తెలుగు. తెలుగు అక్షరాలు కూడా నేను గుడిలోనే, పాటల పుస్తకం ముందు పెట్టుకుని, పక్కనున్న పెద్దావిడ వేలు ఎక్కడ కదిలితే అక్కడ చూస్తూ నేర్చుకున్నాను. అందుకేనేమో ఇప్పటికీ ఏ తెలుగు అక్షరం చూసినా నా చెవిలో ఒక రాగం మొదలవుతుంది. పెంకుల కప్పు, ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, కింద చాపలు, వెనకాల రెండు బల్లలు, ఇంతే మా గుడి. ఎండాకాలంలో పెంకుల సందుల్లోంచి వెలుగు మచ్చలు చాపల మీద పడి మెల్లగా జరిగేవి. ప్రసంగం ఎంత పొడుగైందో మేము వాటిని చూసి చెప్పుకునేవాళ్ళం.

కొత్త శతాబ్దం మొదలైన రోజుల్లో అనంతపురం వైపు నుంచి మాకొక పాస్టరయ్య వచ్చాడు. మంచి గొంతు ఉన్న మనిషి. ఎవరికైనా జబ్బు చేస్తే పిలవకుండానే ఆసుపత్రికి పోయి మంచం పక్కన కూర్చునేవాడు. ఈ మాట ముందు చెప్పడం న్యాయం, ఎందుకంటే తర్వాత చెప్పబోయేవి మంచి మాటలు కావు. ఆయనకు కోపం ముక్కు మీద ఉండేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఉన్నచోటనే నిలబెట్టి కసిరేవాడు. పేరున్న పెద్ద సభ ఎక్కడ జరిగినా వేదిక మీద తనకొక కుర్చీ ఉండాలని ఆరాటపడేవాడు. పొగిడితే కరిగిపోయేవాడు, తప్పు చెబితే నెల రోజులు ముఖం తిప్పుకునేవాడు.

మా ఆయన శిడ్లఘట్ట మార్కెట్టులో పట్టుగూళ్ళు కొని దారం తీయించే చిన్న పని పెట్టుకుని ఉండేవారు, గుడిలో సంఘపెద్ద కూడా. ఒకసారి పెద్దల కూటంలో ఆయన లేచి, పొలం పని ముగించుకుని పరుగెత్తుకొచ్చే కూలివాళ్ళను కసిరే మీరు, జీపులో ఆలస్యంగా దిగేవాళ్ళను ఎందుకు కసరరని పాస్టరయ్యను అందరి ముందూ అడిగారు. ఆ తర్వాత వాళ్ళిద్దరి నడుమ మాటలు తగ్గిపోయాయి. అవి మళ్ళీ కలవకముందే, ఒక వేసవి తెల్లవారుజామున గుండెల్లో నొప్పి అని కూర్చున్న మా ఆయన, కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు.

పాస్టరయ్య అప్పుడు బాగేపల్లిలో సువార్త సభలకు పోయి ఉన్నాడు. మా మరిది ఫోను చేస్తే, బయలుదేరి వస్తున్నానని చెప్పాడు. మేము కాచుకున్నాం. మా ఆయన చుట్టూ పేర్చిన మంచు గడ్డలు ఎండకు కరిగిపోతున్నాయి, వచ్చిన బంధువులు గడియారాలు చూసుకుంటున్నారు, మా అత్త తన కొడుకు తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతూనే ఉంది. పొద్దు వాలిపోయింది కానీ ఆయన రాలేదు. చివరికి మా ఆయన స్నేహితుడొకాయన కీర్తన చదివి, తడబడుతూ ప్రార్థన చేస్తే, భూస్థాపన ముగించుకుని వచ్చాం. ముప్పై ఏళ్ళు ఆ గుడి తలుపులు తీసిన మనిషిని గుడి కాపరి లేకుండానే మట్టికి అప్పగించాం.

మర్నాడు పాస్టరయ్య వచ్చి, సభ మధ్యలో వేదిక దిగి రాలేకపోయానన్నాడు. నేను లేచి లోపలికి పోయాను. గుడిలో మాత్రం నిప్పు అంటుకుంది. ఎవరెవరి మనసుల్లోనో ఎప్పటెప్పటి మంటలో ఉన్నాయి. ఒకరి కొడుకును కసిరాడు, ఒకరి ఇంటికి రాలేదు, ఒకరి పెళ్ళిలో ముఖం ముడుచుకున్నాడు. అన్నిటికీ ఇప్పుడొక పేరు దొరికింది, అది నా దుఃఖం.

మా మరిది టమాటా మండీలో వ్యాపారి, నలుగురిని కూడగట్టగల మనిషి. ఒక సాయంత్రం ఐదారు కుటుంబాలవాళ్ళను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వేరే ఆరాధన పెట్టుకోవడానికి బాగేపల్లి రోడ్డులో ఒక హాలు మాట్లాడి వచ్చారట.

"వదినా, నీకు జరిగిన అన్యాయం ఊరంతా చూసినారు. వచ్చే ఆదివారం నువ్వు ఆ హాలుకు నడిస్తే సాలు, మిగతావోళ్ళంతా నీ ఎనకాలే వస్తారు," అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. అప్పటిదాకా మూలన ముడుచుకుని కూర్చున్న నాకు ఆ మాటతో ఎక్కడ లేని బలం వచ్చింది.

"నేను నా మొగుడి కోసం ఏడుస్తాండాను. ఆ ఏడుపు నాది. దాన్ని మీ పంతాలకు అరువియ్యను," అన్నాను.

"అంటే ఆయప్ప చేసింది సరే అంటావా?"

"సరి కాదు. ఆ మాట ఆయప్ప మొగం మీదనే చెప్తా. నువ్వెప్పుడన్నా చెప్పినావా? మీ అన్న ఒక్కడే లేచి అడిగినాడు. ఆ పొద్దు మీరంతా తలకాయలు వంచుకోని కూర్చుంటిరి."

మరిది ముఖం నల్లబడింది. వచ్చినవాళ్ళలో ఒకావిడ, నాకు రోషం లేదని గొణుగుతూ మెట్లు దిగింది. రోషం లేనిది నాకా? రోషం లేకపోతే నేనూ ఆ హాలుకు పోయి, కుర్చీలో కూర్చుని, అందరి జాలీ తీసుకుని సుఖంగా ఉండేదాన్ని.

మర్నాడు పొద్దున్నే పాస్టరయ్య ఇంటికి పోయాను. వద్దన్నా వినకుండా మా అత్త కూడా నా చెయ్యి పట్టుకుని వచ్చింది. పాస్టరమ్మ మాకు చాప పరిచి, మా ముఖాలు చూసి, తానూ ఒక పక్కన కూర్చుంది.

"అయ్యగారూ, వస్తామని చెప్పి మీరు రాలేదు. ఎందుకు రాలేదో నిజం చెప్పండి. ఊరికి చెప్పిన కత నాకొద్దు," అన్నాను.

ఆయన మళ్ళీ సభ సంగతే ఎత్తుకున్నాడు. దేవుని పనిలో ఉండగా లేచి రావడం ఎట్లా అన్నాడు. మా అత్త గొంతు పెంచకుండా, "నా బిడ్డను మట్టిలో పెట్టేది దేవుని పని కాదా నాయనా?" అని అడిగింది.

ఆ ముసలామె ముందు ఆయన సాకు నిలవలేదు. నేల చూస్తూ నిజం చెప్పాడు. బాగేపల్లి బస్టాండుదాకా వచ్చాడట. చింతామణి బస్సు ఎక్కి కూడా కూర్చున్నాడట. మా ఆయనతో మాటలు లేకుండా పోయిన సంగతి అందరికీ తెలుసు కదా, శవం ముందు నిలబెట్టి మా వాళ్ళు నిలదీస్తారని భయం పట్టుకుని, బస్సు కదిలే ముందు దిగిపోయాడట.

నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది, కానీ కలగలేదు. ఇంకా మండిపోయింది. "ఈ మాట ఆదివారం చెప్పండి. మమ్మల్ని కసిరే చోటనే నిలబడి చెప్పండి. చెప్పకపోయినా నేను యాడికీ పోను, మళ్ళీ ఆదివారం మళ్ళీ అడుగుతాను. విసుగొచ్చి పోతుందిలే అని మాత్రం అనుకోవద్దండి," అని లేచాను. గడప దాటుతుంటే లోపల పాస్టరమ్మ ఏడుపు వినిపించింది.

ఆ ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరూ కలిసి పాస్టరయ్య చేతి రొట్టె తీసుకునే ఆదివారం. గుడి ఎప్పుడూ లేనంతగా నిండింది. మరిది వాళ్ళు చివరిసారిగా చూసి పోదామని వచ్చినట్టు తలుపు దగ్గరే కూర్చున్నారు. పాస్టరయ్య ప్రసంగం మొదలుపెట్టి, నడుమ ఆగిపోయి, పుస్తకం మూసేశాడు. తాను భయపడి దారిలోంచి వెనక్కి పోయానని, వేదిక సంగతి అబద్ధమని, మా ఆయన పెద్దల కూటంలో అడిగిన మాట కూడా న్యాయమైనదేనని చెప్పాడు. అంత మంచి గొంతు ఆ రోజు సగం మందికి వినపడలేదు. కన్నీళ్ళు లేవు, గొప్ప మాటలు లేవు. తలవంచుకుని నిలబడ్డాడు, అంతే.

మరిది లేచాడు. "ఒక్క మాటంటే సరిపోతాదా?"

మా గుడిలో ఆరాధన నడుమ ఆడవాళ్ళు లేచి మాట్లాడింది అంతకు ముందు లేదు. నేను లేచాను. "నువ్వు అడిగేది నా కోసమా, నీ కోసమా అప్పా? నా కోసమైతే నేను విన్నాను. నాకు సాలు," అని చెప్పి, బల్ల దగ్గరికి నడిచి, అందరికన్నా ముందు ఆయన చేతిలోంచి రొట్టె తీసుకున్నాను. క్షమించి తీసుకున్నది కాదది, క్షమించాలని తీసుకున్నది. రెండింటికీ నడుమ నాకు కొన్నేళ్ళు పట్టింది.

వెనక్కి తిరిగి చూస్తే మా అత్త నా వెనకే నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరొకరు. మరిది, ఇంకో రెండు కుటుంబాలవాళ్ళు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఒక కొడుకు మట్టిలో, ఇంకో కొడుకు గుడి బయట. అయినా ఆ ముసలామె చెయ్యి చాపి రొట్టె తీసుకుంది.

అంతటితో పాస్టరయ్య దేవదూత అయిపోలేదు. కోపం తగ్గలేదు, ఆలస్యంగా వచ్చినవాళ్ళను కసరడమూ మానలేదు. కాకపోతే జీపులో వచ్చినవాళ్ళను కూడా కసిరేవాడు, అది చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని. మరిది తిరిగి రాలేదు. ఏటా క్రిస్మసుకు నేనూ అత్తా అరిసెలు తీసుకుని వాళ్ళింటికి పోయేవాళ్ళం. మొదటి ఏడు తోటికోడలు తలుపు సగమే తీసింది. మేము ఆ సగంలోంచే లోపలికి పోయాం. మరో ఏడు మరిదే వీధి చివరిదాకా ఎదురొచ్చి, అత్త చేతిలోని గిన్నె అందుకున్నాడు. పాస్టరయ్య ఊసు మేమూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

తప్పు చేసినవాడిని వెనకేసుకొచ్చానని ఇప్పటికీ కొందరు నన్ను అంటారు. అననీ. వెనకేసుకురాలేదు, ఎదురుగా నిలబడి అడిగాను. అడిగిన తర్వాత విడిచిపెట్టి పోలేదు. లోపం లేని కాపరి దొరికేదాకా గుళ్ళు మారుతూ పోతే, ఏదో ఒక రోజు మనం ఒక్కరమే ఉన్న గుడికి చేరతాం. అక్కడా లోపం ఉంటుంది.

ఇప్పుడు మా పెంకుల గుడి చోట పెద్ద కట్టడం లేచింది. ప్లాస్టిక్ కుర్చీలు, తెర మీద పాటలు, అన్నీ బాగున్నాయి. ఎవరూ ఎవరినీ కసరరు, ఎవరూ ఎవరి ముఖం మీదా తప్పు చెప్పరు. మా రోజుల్లో విడిపోదామనుకున్నవాళ్ళు కూడా మా ఇంటికొచ్చి, నా కళ్ళలోకి చూసి ఆ మాట అన్నారు, నా మాట పడి వెళ్ళారు. ఈ రోజుల్లో ఎవరు ఎప్పుడు పోయారో, ఎందుకు పోయారో, ఖాళీ కుర్చీ చెబితే గాని తెలియదు. ఆ కుర్చీని కూడా మరుసటి వారానికి ఎవరో తీసి మూలన పెట్టేస్తారు.