గోడకు ఏ వైపో రాయని వార్త

2021 ఏప్రిల్‌లో నన్ను ఇంటర్‌ఫేస్ వార్తలకు వేశారు. అప్పటికి బెల్‌ఫాస్ట్‌లోని ఒక ఉదయపు దినపత్రికలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. అంతకుముందు విజయవాడలో పన్నెండేళ్లు డెస్కు మీద ఉన్నాను. కాథలిక్కుల పేట, ప్రొటెస్టెంట్ల పేట ఒకదాన్నొకటి ఆనుకునే చోటును బెల్‌ఫాస్ట్‌లో ఇంటర్‌ఫేస్ అంటారు. ఇళ్లకంటే ఎత్తైన గోడలు, గోడల్లో గేట్లు ఉంటాయి. ఆ గేట్లు పొద్దున తెరుస్తారు, రాత్రికి మూస్తారు. ఆ రెండు వర్గాల మధ్య శాంతి ఒప్పందం కుదిరి ఇరవై ఏళ్లు దాటినా గోడలు నిలిచే ఉన్నాయి.

నన్నే వేయడానికి కారణం నా ఇంటిపేరు ఎటువైపూ మొగ్గకపోవడం. అక్కడ మనిషి పేరు, చదివిన బడి, ఉండే వీధి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలిసినా మతం తెలిసిపోతుంది. మా పత్రికలో దానికి తగ్గ కట్టుబాటు ఉండేది. ఇంటర్‌ఫేస్ వార్తలో వీధి పేరు తప్పనిసరి. రెండు వైపులవాళ్ల మాటలూ సమాన నిడివిలో పడాలి. ఇటు నాలుగు వాక్యాలైతే అటూ నాలుగే. పదహారేళ్లు డెస్కు మీద నేనూ ఇతరులు రాసిన వార్తలను అలాగే లెక్కపెట్టి కోశాను.

ఆ వసంతానికి కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తలేదు. న్యూస్‌రూమ్‌కు తాళం పడి ఏడాది దాటింది, ఉదయం సమావేశం ల్యాప్‌టాప్‌లోనే జరిగేది. సరిగ్గా అప్పుడే సాయంత్రాలు గోడ దగ్గర కుర్రాళ్లు గుమిగూడి రాళ్లు, పెట్రోలు సీసాలు విసురుకోవడం మొదలైంది. గేట్లను వెలుతురు ఉండగానే మూసేస్తూ వచ్చారు. ఏ రోజు ఎన్నింటికి మూస్తారో ముందుగా చెప్పేవారు కాదు.

ఒక ఉదయం రమ్య ఫోన్ చేసింది. అక్కడి తెలుగువాళ్లలో పరిచయమైన నల్గొండ అమ్మాయి. భర్త అక్కడి యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతుంటే తను హోమ్ కేరర్‌గా చేసేది. కేరర్లు వృద్ధుల ఇళ్లకు వెళ్లి స్నానం, భోజనం, మందులు చూస్తారు. రాత్రి పక్కమీదకు చేర్చే చివరి రాకను బెడ్ కాల్ అంటారు. ఆమె బెడ్ కాల్స్‌లో ఒకటి గోడ దాటి వెళ్లేది.

“నిన్న గేటు ముందుగాల్నే మూసిండ్రు అంకుల్. బస్సుల్లేవు. సుట్టు తిరిగి పోతుంటె పోలీసోల్లు ఆపిండ్రు. ముసలామె తెల్లారేదాంక కుర్సీలనే కూసున్నది. ఇయ్యాల గూడ గట్లనే అయితె ఎట్ల?”

ఏజెన్సీలో సగం మంది ఐసొలేషన్‌లో ఉన్నారట, పంపడానికి మరో మనిషి లేదట. ఆ ముసలామె తనంతట తాను లేవలేదు. అలవాటు కొద్దీ నేను అడిగిన మొదటి ప్రశ్న, ఆమె ఏ వైపు అని.

“ఏ వైపు ఎవరో నాకేం తెల్సు అంకుల్? ఇటు ముగ్గురున్నరు, అటు ఇద్దరున్నరు. అందరి నడుములు ఒక్కతీర్గనే నొస్తయి.”

ఆ సాయంత్రం ఇద్దరం గేటు దగ్గరికి వెళ్లేసరికి మూసి ఉంది. వీధిలో ఒక్క పిల్లాడు కూడా లేడు. పసుపుపచ్చ కోటు వేసుకున్న గేటు మనిషి, సాయంత్రం ‘గ్రాండ్’గానే, అంటే అక్కడి మాటలో బాగానే, ఉంది గానీ తనకొచ్చిన ఆర్డరు ఇదని చెప్పాడు. మాస్కులు పెట్టుకుని, అద్దాలు దించి, నా కారులో చుట్టు తిరిగి వెళ్లాం. ఆ రోజు దారి తెరిచి ఉంది.

రమ్య లోపలికెళ్లింది. నేను కిటికీ బయట నిలబడి ముసలామెతో మాట్లాడాను. ఎనభై దాటిన మనిషి, గొంతులో వణుకు లేదు. పేరు రాసుకోవచ్చా అని అడిగాను.

“నా పేరు రాశావంటే సగం ఊరు నాకిలా కావాల్సిందే అంటుంది. మిగతా సగం నన్ను జెండాలా ఊపుతుంది. పేరొద్దు, వీధొద్దు. కుర్చీ గురించి రాయి.”

మర్నాడు గేట్ల వ్యవహారం చూసే శాఖకు ప్రశ్నలు పంపాను. గేటు వేళలను సంస్కరించడానికి ప్రజాభిప్రాయం సేకరిస్తున్నామనీ, ఎవరైనా ఆన్‌లైన్‌లో చెప్పవచ్చనీ జవాబొచ్చింది. రమ్యను ఫారం నింపమన్నాను. మొదటి గడిలో తన ఇంటి పోస్ట్‌కోడ్ వేయగానే, ఈ సర్వే మీ ప్రాంతానికి వర్తించదని ఫారం మూసుకుపోయింది. గోడకు ఆనుకున్న వీధులవాళ్లను మాత్రమే అడుగుతున్నారు. రోజుకు నాలుగుసార్లు గేటు దాటే మనిషికి అందులో చోటు లేదు.

నేను రాసి పంపిన వార్తలో పేరూ వీధీ లేవు. న్యూస్ ఎడిటర్ వెంటనే ఫోన్ చేశాడు. పాఠకులు మొదట అడిగేది ఏ వైపనే, రెండో వైపు స్పందన ఎక్కడ అన్నాడు. కుర్చీలో తెల్లవార్లూ కూర్చున్న మనిషికి రెండో వైపు ఎవరో చెబితే వెళ్లి మాట్లాడి వస్తానన్నాను. కట్టుబాటు గుర్తు చేశాడు. వీధి పేరు చేరిస్తే వార్త వెనక్కి తీసుకుంటానని చెప్పాను. నన్ను ఆ పని నుంచి తప్పించాల్సి వస్తుందన్నాడు. తప్పించమన్నాను. రిటైర్‌మెంట్‌కు ఏడు నెలలుంది, ఆ ధైర్యం కూడా కొంత ఉంది.

మూడు రోజులు ఆపి ఏడో పేజీలో వేశాడు. ఈలోగా రమ్య రోజూ గేటు మూసేలోపే అటు చేరి, తిరిగి రావడానికి చుట్టు దారి నడిచింది. ఫొటోలో మూసిన గేటు ఒక్కటే ఉంది. అక్కడ ఫుట్‌పాత్ అంచు రాళ్లకు కూడా ఎవరి రంగులు వాళ్లు వేస్తారు. ఫొటోగ్రాఫర్ ఆ అంచు కనిపించకుండా కత్తిరించి ఇచ్చాడు.

వార్త పడ్డ రోజు గోడకు చెరోవైపున గెలిచిన ఇద్దరు కౌన్సిలర్లు, ఒకరికి తెలియకుండా మరొకరు, నాకు ఫోన్ చేశారు. ఆమె తమ పేట మనిషేననీ, తప్పు అవతలివాళ్లదేననీ ఇద్దరూ గట్టిగా నమ్మారు. నేను అవుననలేదు, కాదనలేదు. తమ ఓటరు కాదని తేల్చుకోలేక ఇద్దరూ శాఖకు లేఖలు రాశారు. వారం తిరగకుండా, కేరర్ బ్యాడ్జి చూపితే మనుషులు నడిచే చిన్న గేటు తీయాలని ఆర్డరు వచ్చింది. ఆ ముసలామె మళ్లీ పక్కమీదే పడుకుంది. నన్ను మాత్రం ఇంటర్‌ఫేస్ వార్తల నుంచి తప్పించి, వాతావరణం, సంతాప ప్రకటనల పేజీకి మార్చారు.

తర్వాత సర్వే నివేదిక వచ్చింది. వేళలు మార్చొద్దని రెండు వైపుల నివాసులూ అన్నారని అందులో ఉంది. గేటు దాటేవాళ్ల ఊసు లేదు. ఎవరిని అడగాలో తేల్చుకున్న రోజే జవాబు కూడా తేలిపోయింది. ప్రభుత్వ కాగితం ఏది చేతికొచ్చినా, ఎవరిని అడగలేదన్నదే ముందు చూడాలని నాకు ఆ ఉద్యోగం చివర్లో తెలిసింది.

ఆ ఇల్లు గోడకు ఏ వైపని పాత సహోద్యోగులు ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ గేటు ఇప్పటికీ రాత్రిళ్లు మూస్తూనే ఉన్నారు. మూయడం మానేసిన రోజు చెబుతాను.