మొలతాడుకు టార్చి

వేలెడంత టార్చితో పాటు వచ్చే తాడును నేనిక నమ్మను. మొదటిది మామిడికొమ్మకు తగులుకుని తెగింది, రెండోది ఊరికే తెగింది. విసుగొచ్చి, కాయలు కోసే చిక్కం అల్లగా మిగిలిన నైలాన్ తాడుతో టార్చిని నా మొలతాడుకే కట్టుకున్నాను.

"చంటిపిల్లాడికి మువ్వ కట్టినట్టుందండీ" అని మా ఆవిడ ఒకటే నవ్వు.

నిన్న తెల్లవారుజామున తోటలో మోటారు నీళ్లు లాగడం లేదు. నీళ్లెక్కడున్నాయో చూద్దామని బావిలోకి వంగితే టార్చి చేతిలోంచి జారింది. పడిన చప్పుడు కోసం ఊపిరి బిగపట్టాను. చప్పుడు రాలేదు. హమ్మయ్య, నా మోకాళ్ల దగ్గర ఊగుతూ వెలుగుతూనే ఉంది.

ఇంటికొచ్చి చెబితే ఆవిడ ఈసారి నవ్వలేదు. మిగిలిన నైలాన్ తాడు వెతికి తెచ్చి, తను ఎప్పుడూ ఎక్కడో పెట్టి మరిచిపోయే బీరువా తాళాలతో సహా నా చేతిలో పెట్టింది.