శుక్రవారం ఆగిపోయే బ్యాకప్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని లాల్‌దర్వాజాలో మా గల్లీ మొత్తానికి తెలుసు. ఆ నెలలో మా ఆఫీసుకు కూడా తెలిసింది. నేను రాసిపెట్టిన ఆటోమేటిక్ బ్యాకప్ వరుసగా మూడు శుక్రవారాలు నడవలేదు. "చేత్తో చేసినన్ని దినాలు మంచిగనే ఉండె" అని ఎవరో ఒకరు నాకు వినిపించేలా అంటూనే ఉన్నారు.

మా ఆఫీసులో ఉద్యోగుల సర్వీసు రికార్డులన్నీ ఒక మెయిన్‌ఫ్రేమ్‌లో ఉంటాయి. ఆ పెద్ద మెషిన్ లోపల మళ్లీ చాలా వర్చువల్ మెషిన్లు. మా గల్లీలో ఒకే ఇంట్లో ఆరు పోర్షన్లు, ఆరు కుటుంబాలు, ఎవరి తలుపు వాళ్లది. ఇక్కడా అంతే. ఒక పోర్షన్‌లో డేటాబేస్ కాపురం ఉంటుంది, పక్క పోర్షన్‌లో బ్యాకప్ మెషిన్. దాని ముందు ఎవరూ కూర్చోనక్కర్లేదు. శుక్రవారం ఒకటిన్నరకు దానంతట అదే డేటాబేస్ మొత్తాన్ని టేపు మీదికి కాపీ చెయ్యాలి. ఆ వేళకు సగం ఆఫీసు జుమ్మా నమాజుకు వెళ్తుంది, మిగతా సగం టిఫిన్ బాక్సులు విప్పుతుంది. డేటాబేస్‌ను కదిపేవాళ్లు ఉండరు.

ఎంట్రీ సెక్షన్‌లో ఏళ్ల తరబడి ఫారాలు కొట్టి కొట్టి విసిగాక ఈ కుర్చీ నాకు దొరికింది. ఇప్పించింది మా సీనియర్ ఆపరేటర్. బహదూర్‌పురా నుంచి స్కూటర్ మీద వచ్చే ఆ పెద్దమనిషిని అందరం సాబ్ అంటాం. మెయిన్‌ఫ్రేమ్ గురించి నాకు వచ్చిందంతా ఆయన పక్కన స్టూలు వేసుకుని నేర్చుకున్నదే.

మూడో శుక్రవారం తర్వాత ఆఫీసర్ పిలిచాడు. "వచ్చే శుక్రవారం గూడ గిట్లనే అయితే మళ్ల చేత్తోనే చేద్దాం. మీరు ఎంట్రీ సెక్షన్‌కే పోన్రి" అన్నాడు. అక్కడ తల ఊపి, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ వారమంతా నా ప్రోగ్రాంను లైను లైనుగా చదివాను. టేపు మార్చాను. మంగళవారం నేనే ముందు కూర్చుని నడిపితే బుద్ధిగా నడిచింది. ఫోన్లో మెషిన్ కంపెనీ ఇంజనీరు "మీ ప్రోగ్రాంలోనే ఏదో ఉంది మేడం" అని చేతులు దులుపుకున్నాడు. అన్నిటికంటే బ్యాకప్ మెషిన్ తన పనంతా రాసుకునే లాగ్ నన్ను ఎక్కువ మండించింది. పని చెడితే చెడిందని రాయాలి కదా. శుక్రవారం మధ్యాహ్నం అది నోరే విప్పలేదు.

నాలుగో శుక్రవారం పన్నెండు దాటాక ఒక అనుమానం వచ్చింది. ఏమీ రాయలేదంటే, ఆ వేళకు అసలు అది ఉందా? అప్పటిదాకా పోర్షన్ల లాగులే చూశాను కానీ, ఇల్లు మొత్తానికి ఎవరు వచ్చారో ఎవరు పోయారో రాసే పెద్ద లాగ్ చూడలేదు. తెరిచాను. కిందటి శుక్రవారం పన్నెండు నలభైకి ఎవరో బ్యాకప్ మెషిన్‌లోకి వెళ్లారు. నిమిషంలో బయటికొచ్చారు. సరిగ్గా పదిహేను నిమిషాలకు సిస్టం ఆ మెషిన్‌ను మూసేసింది. అంతకుముందు రెండు శుక్రవారాలూ అదే వరస. వెళ్లింది సాబ్ టెర్మినల్ నుంచి.

తల తిప్పి చూస్తే ఆయన అప్పుడే నమాజు కోసం కాళ్లూ చేతులూ కడుక్కుని, వజూ చేసుకుని వచ్చి, తడి చేతులు తుడుచుకుని టెర్మినల్ ముందు కూర్చున్నారు. బ్యాకప్ మెషిన్‌లోకి వెళ్లారు, అంతా ఉన్నచోటే ఉందని చూశారు, బయటికొచ్చారు. షాపుకు తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తారే, అలాగ. నమాజుకు నిశ్చింతగా పోవాలని ఆయన చేసే పని అది.

మా సిస్టంలో తనంతట తాను నడిచే మెషిన్‌లోకి ఎవరైనా వెళ్తే అది ఆగి, హుకుం కోసం చూస్తుంది. మళ్లీ నడువమని చెప్పే బిగిన్ అన్న మాట కొట్టకుండా వచ్చేస్తే, పదిహేను నిమిషాలు చూసి సిస్టం దాన్ని మూసేస్తుంది. సోమవారం సిస్టం మళ్లీ మొదలుపెట్టినప్పుడు మిగతా మెషిన్లతోపాటు అదీ లేస్తుంది కాబట్టి, మూతపడ్డట్టు నాకు తెలియలేదు. చేత్తో చేసిన కాలంలో ఆయన దాని ముందే కూర్చునేవారు కాబట్టి ఈ సంగతి ఎప్పుడూ బయటపడలేదు.

ఆయన వెళ్లాక నేనే లోపలికి పోయి ఆ ఒక్క మాట కొడితే చాలు. కుర్చీ నిలుస్తుంది, ఎవరికీ తెలియదు. కానీ మూడు వారాలు నేను పడ్డ మాటలు అలా మాసిపోవు. పైగా ఆయన దగ్గర దాచడం నావల్ల కాలేదు.

"సాబ్, ఒక్క నిమిషం. ఇది చూడున్రి."

కళ్లజోడు పెట్టుకుని లాగ్ మొత్తం చదివారు. "నేను చూసుడుతోని ఆగుతుందా?"

"అవు సాబ్. బిగిన్ కొట్టి రావాలె."

"ఆపింది నేను. మాటలు పడింది నువ్వు" అన్నారు. మళ్లీ లోపలికి వెళ్లి ఒంటి వేలితో బిగిన్ కొట్టారు. తెర మూలన ఉన్న మాట మారి, నడుస్తోందని చూపించింది. ఆయన మెట్ల వైపు కాకుండా ఆఫీసర్ గదికి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది.

"గల్తీ నాది సార్. ఆ బేటీ పని సాఫ్ ఉన్నది. ఆమెను ఆ కుర్చీల నుంచి లేపకున్రి" అన్నారు. అప్పుడు పరుగున స్కూటర్ దగ్గరికి.

ఒకటిన్నరకు టేప్ డ్రైవ్ లైటు వెలిగింది. టేపు తిరిగింది. పూర్తయిందన్న వరుస తెర మీద కనబడగానే "అయింది" అని పైకే అన్నాను. చల్లారిన పప్పన్నం నా జన్మలో అంత రుచిగా తినలేదు. మర్నాడు ఆ టేపు నుంచి రికార్డులు వేరే మెషిన్‌లోకి దించి చూస్తే ఒక్కటి తప్పిపోలేదు. ఎవరు తొంగిచూసినా పని ఆగకుండా ఒక లైను కూడా పెట్టాను. ఎంట్రీ సెక్షన్ ఊసు ఆఫీసర్ మళ్లీ ఎత్తలేదు.

తర్వాతి శుక్రవారం సాబ్ టెర్మినల్ దగ్గరికొచ్చి కుర్చీ వీపు మీద చెయ్యి వేశారు.

"ఇప్పుడు లోపలికి పోయినా ఆగదు సాబ్. చూసుకోన్రి" అన్నాను.

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"మరి నేనెందుకు చూసుడు" అని, కూర్చోకుండానే టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.