విప్పని బూటు

లార్న్ హ్లాద్కీకి కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఆట మొదలయ్యేదాకా మోకాలు ఆడిస్తూనే ఉంటాడు, హాకీ కర్రకి చుట్టిన టేపు పీకి మళ్ళీ చుడుతూనే ఉంటాడు. ముప్పై దాటాయి. కెనడాలోని యార్క్‌టన్ ఊరి ఐస్ హాకీ జట్టులో ఆరో డిఫెండరు, అంటే ఆఖరివాడు. అతను గోల్ కొట్టగా చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. వచ్చిన విద్య ఒక్కటే, మంచు మీద దూసుకొచ్చే పక్‌కి, ఆ గట్టి రబ్బరు బిళ్ళకి, ఒళ్ళు అడ్డం పెట్టడం. వేసవిలో ఇళ్ళకి కప్పులు వేస్తాడు, చలికాలం దెబ్బలు తింటాడు. ఇంట్లో మంచం కోడు తగిలితే వీధంతా వినపడేలా అరిచే మనిషి మంచు మీద రాయిలా ఎలా పడుంటాడో అని భార్య జోలీన్ ఏడిపిస్తుంటుంది.

కిందటి వారం ఆ విద్యే తిరగబడింది. తొందరపడి, అవతలివాడు కొట్టకముందే మంచు మీద అడ్డం పడ్డాడు. పక్ అతని మోచేతికి తగిలి దారి మళ్ళి సొంత గోల్‌లోకే పోయింది. గోల్‌కీపరు తిబో ముసుగు పైకెత్తి, "ఒరేయ్, ఆపితే పూర్తిగా ఆపు. లేదంటే తప్పుకో, నా తిప్పలు నేను పడతా. నువ్వలా అడ్డంగా దొర్లితే నాకు నీ వీపు తప్ప ఏం కనబడుతుందిరా" అన్నాడు.

కోచ్ తిట్టలేదు. రెజీనా ఊరి నుంచి కొత్త డిఫెండరు వచ్చాడని, సోమవారం ఆట నుంచి ఆరో చోటు ఎవరిదో ఆదివారం ఆట చూసి చెప్తానని మాత్రం అన్నాడు. లార్న్‌కి ఆ వారమంతా తిండి సయించలేదు.

ఆదివారం మధ్యాహ్నం. ఒక్క గోల్ ముందున్నారు, ఆట ముగింపుకొచ్చింది. అవతలివాడు కర్ర పైకెత్తాడు. పడిపోవాలని లార్న్ ఒళ్ళంతా పీకింది. ఆగాడు. వాడి చూపు పక్ మీదికి దిగాక పడ్డాడు. దెబ్బ కుడి బూటుకి, చీలమండ దగ్గర తగిలింది. పక్కకి దొర్లిన పక్‌ని తిబో కప్పేశాడు.

గెలిచారు. బట్టలు మార్చుకునే గదిలో అందరూ బూట్లు విప్పుతున్నా లార్న్ కుడి బూటు ముట్టుకోలేదు. ఒకసారి విప్పితే పాదం ఉబ్బిపోతుంది, బూటు మళ్ళీ ఎక్కదు. అది అక్కడ అందరికీ తెలుసు.

సోమవారం ఆటకి నువ్వే అని చెప్పడానికి వచ్చిన కోచ్ చూపు ఆ బూటు మీద పడింది.

"విప్పు."

"ఇంటికెళ్ళి విప్పుకుంటాలే, కోచ్."

"దాంతోనే పడుకుంటాడు, చూడండి" అన్నాడు తిబో. నవ్వారు. కోచ్ నవ్వలేదు.

బయట ఎదురుచూసి విసిగిన జోలీన్ లోపలికొచ్చింది. ఎవర్నీ ఏమీ అడగకుండా అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని లేసు పట్టుకుంది. లార్న్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రేపటి ఆట అయ్యేదాకా ఆగవే."

"నేను ఆగుతాను. ఎముక ఆగుతుందా?"

అతను చెయ్యి వదిలేశాడు. తడికి బిగుసుకున్న ముడిని ఆమె పళ్ళతో లాగింది. పాదం బయటికొచ్చినప్పుడు లార్న్ దానివైపు చూడలేదు, కోచ్ ముఖంలోకే చూశాడు. అక్కడ అంతా తెలిసిపోయింది.

"సరే," అన్నాడు, ఎడమ మోకాలు ఆడిస్తూ. "శుక్రవారం ఆట ఎన్నింటికి?"