కొనుక్కున్న వేగం

కనిషాయ్ ట్రాలీబస్సు నడిపినన్నాళ్ళూ బిష్కెక్‌లో ఆమె వెనక హారన్ కొట్టని కారు లేదు. నేను అదే బండిలో కండక్టర్ని. మేమంతా ఆమెను ఎజె అనేవాళ్ళం, అంటే అక్క అని. పైన కరెంటు తీగల మీంచి బస్సు నెత్తిమీది కొమ్ములు జారిపోతే, మంచు పడుతున్నా సరే, ఎజె కిందికి దిగి రబ్బరు తొడుగులు వేసుకుని, తాడు లాగి, కొమ్ముల్ని మళ్ళీ తీగకు తగిలించేది. వెనకున్న కార్లవాళ్ళు అద్దం దించి ఏదో ఒక మాట విసిరి పక్కనుంచి వెళ్ళిపోయేవాళ్ళు.

"కూర్చున్నవాళ్ళు పడకూడదు బాత్మా, అంతే. వాళ్ళ తొందర మనకెందుకు?" అనేది నాతో.

ఎజె పెళ్ళి చేసుకోలేదు. తల్లి చనిపోయేనాటికి తమ్ముడు ఎర్మెక్ ఇంకా బడిలో ఉన్నాడు. వాణ్ణి చదివించింది, పెళ్ళి చేసింది. తల్లి వదిలివెళ్ళిన రెండు గదుల ఇంట్లో తన వాటా కూడా వాడికే రాసిచ్చింది. ఆ ఇల్లు అమ్మి ఎర్మెక్ ఊరి బయట కార్ల బజారులో వ్యాపారం పెట్టాడు. ఎజె మా వీధిలో ఒక గది అద్దెకు తీసుకుంది. అందుకు ఆమె ఎప్పుడూ బాధపడగా నేను చూడలేదు. "మావాడు బజారులో నిలబడితే జనం వాడి చుట్టూ మూగుతారు" అని గర్వంగా చెప్పుకునేది.

ట్రాలీబస్సులు ఆగిపోయాక ఎజె ఇంట్లో కూర్చోలేకపోయింది. దాచుకున్నదంతా పెట్టి, ఎర్మెక్ ద్వారానే, ఒక చైనా కరెంటు కారు కొని టాక్సీగా తిప్పసాగింది. కరెంటు బండి ఆమెకు కొత్త కాదు. బ్రేకు తొక్కకుండా వేగం ఎలా తగ్గించాలో, బ్యాటరీ ఎలా మిగుల్చుకోవాలో ఆమె పాదానికే తెలుసు. కొన్నాళ్ళు నడిపి దాన్ని అమ్మి, ఏడుగురు పట్టే బండి కొని వేసవిలో ఇస్సిక్‌కుల్ సరస్సుకు జనాన్ని తీసుకెళ్ళాలని ఆమె కోరిక.

ఒక ఆదివారం ఎర్మెక్ ఇంట్లో టీ తాగుతున్నాం. మరదలు నజీరా నూనెలో వేయించిన పిండిముక్కలు, వేడి బూర్సోకులు, తెచ్చి బల్ల మీద పోసింది. ఎర్మెక్ అక్క ఫోను తీసుకుని ఏదో నొక్కి చూపించాడు.

"ఎజె, నీ కారులో నువ్వు వాడుకునేది సగం బలమే. మిగతాది కంపెనీవాళ్ళు తాళం వేసి పెట్టారు. డబ్బు కడితే తీస్తారు. ఒక్క నట్టు కూడా మార్చరు, అంతా ఫోన్లోనే."

"నేను కొన్న కారులో ఉన్నదానికి నేను మళ్ళీ డబ్బు కట్టాలా?"

"అందరూ కడుతున్నారు."

"ఇల్లు అమ్మి, వంటగది తాళం ఇవ్వనన్నట్టుంది" అంది ఎజె. నజీరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎర్మెక్ నవ్వలేదు. "నీ మంచికే చెప్తున్నా. రేపు అమ్మేటప్పుడు మామూలు కారుకి ఒక ధర, బలం పెంచిన కారుకి ఒక ధర. పెట్టింది తిరిగొస్తుంది, పైన ఇంకా వస్తుంది. బజారులో ఉన్నది నేనా నువ్వా?"

ఎజె కప్పు పక్కన పెట్టి వాడి మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు వాడు ఏం అడిగినా ఆమె అలాగే చూసి, తర్వాత ఇచ్చేసేది. ఆ వారమే లక్షా డెబ్భై వేల సోములు కట్టింది.

నన్ను ఎక్కించుకుని కాంత్ ఊరి దారిలో ఒకసారి ఆ బలం చూపించింది. పాదం అదిమితే నా వీపు సీటుకు అతుక్కుపోయింది. ఒక పెద్ద జీపును దాటేశాం. ఎజె పెదవులు బిగించి నడుపుతోంది. తర్వాత పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించి, భుజాలు కదిలేలా నవ్వింది.

"ఇన్నేళ్ళు వెనకనుంచి హారన్లు విన్న చెవులే ఇవి" అంది.

అంతే, ఆ తర్వాత ఆమె దాన్ని వాడలేదు. ఎక్కినవాళ్ళకు కడుపులో తిప్పుతుందని, టైర్లు అరుగుతాయని, ట్రాలీబస్సు నడిపినట్టే మెత్తగా నడిపేది. కారు లోపల గోధుమ గింజ కూడా కనిపించనిచ్చేది కాదు.

రెండేళ్ళు గడిచాక అమ్మకానికి పెట్టింది. బజారులో ఎర్మెక్ చోటులోనే కారు నిలిపాం. అద్దం మీద వాడే పెద్ద అక్షరాలతో "బలం పెంచిన కారు" అని రాశాడు. జనం వచ్చారు, వంగి చూశారు, ఆ అక్షరాలు చదివి తల ఆడించారు.

"ఎవరు నడిపారు దీన్ని?" అని ఒకడు అడిగాడు.

"నేనే" అంది ఎజె.

"మీరా? మీ అబ్బాయి కాదా?"

"నాకు అబ్బాయి లేడు."

"వేగం కొనుక్కున్నవాళ్ళు వేగంగా నడపకుండా ఉంటారా ఎజె? బ్యాటరీ పిప్పి అయ్యుంటుంది" అని పక్కవాడికి వినపడేలా చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళూ కొంచెం అటూ ఇటూగా అదే మాట. పక్కనే అదే రంగు, అదే ఏడాది కారు, మామూలుది, మధ్యాహ్నంలోపే అమ్ముడుపోయింది.

చివరికి ఓష్ నుంచి వచ్చిన మమసాదిక్ అనే రొట్టెల వ్యాపారి ఆగాడు. నెమ్మదైన ఉజ్బెక్ మనిషి. ఎజెని పక్కన కూర్చోబెట్టుకుని బజారు చుట్టూ కారు నడిపాడు. ఆ బలం నచ్చింది. కొండదారిలో లారీలను దాటడానికి పనికొస్తుందని, దానికి విడిగా డబ్బు ఇస్తానన్నాడు. మర్నాడు వచ్చి తీసుకెళ్తానని చేతులు కలిపాడు. ఎర్మెక్ అక్క వీపు తట్టాడు.

కారు కొత్తాయన పేరు మీదికి మార్చడానికి ఏమేం కావాలో కనుక్కుందామని, ఆ సాయంత్రం ఎజె కారు కంపెనీ ఏజెంటు ఆఫీసుకు వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. అక్కడి అమ్మాయి మర్యాదగా టీ ఇచ్చింది.

"పెంచిన బలం కొత్తాయనకి వెళ్ళదు ఎజె. అది మీ పేరు మీద కొన్నది. పేరు మారగానే అది మళ్ళీ మామూలు కారు అయిపోతుంది. ఆయనకి కావాలంటే ఆయన మళ్ళీ కట్టాలి."

"ఈ సంగతి అందరికీ తెలుసా?" అని అడిగింది ఎజె.

"కార్లు అమ్మేవాళ్ళందరికీ తెలుసు. మిమ్మల్ని పంపిన ఎర్మెక్ అన్నకైతే మొదట్నుంచీ తెలుసు. మాకు ఎక్కువమందిని పంపేది ఆయనే కదా. ఒక్కొక్కరికీ ఆయన వాటా ఆయనకి ఇస్తాం" అని ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది. తను ఏం చెప్పిందో దానికి తెలియదు.

బయటికొచ్చాక నేను మాట్లాడబోతే ఎజె చెయ్యెత్తి ఆపింది.

మర్నాడు బజారులో మమసాదిక్ డబ్బు సంచితో వచ్చాడు. ఎర్మెక్ కాగితాలు ముందుకు జరిపాడు. ఎజె అడ్డం వచ్చింది.

"అయ్యా, మీరు నిన్న చూసిన బలం మీకు రాదు. నా పేరుతోనే పోతుంది. ఆ డబ్బు ఇవ్వకండి. మామూలు కారు ధర ఇవ్వండి చాలు."

ఎర్మెక్ మొహం ఎర్రబడింది. "ఎజె, నువ్వెళ్ళి తినడానికి మాంసం సంసాలు తెచ్చుకో. ఇక్కడ నేను మాట్లాడతా" అన్నాడు.

మమసాదిక్ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. సంచి మూతి ముడివేశాడు.

"నిజం చెప్పారు, సంతోషం. కానీ నిన్న చెప్పలేదు. ఇవాళ ఒకటి బయటపడింది, రేపు ఇంకోటి బయటపడితే? తమరు ఏమీ అనుకోకండి" అని సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

నిన్న తనకూ తెలియదని ఎజె అతని వెనక నాలుగడుగులు వేసి చెప్పింది. అతను తల ఊపాడు, ఆగలేదు.

"చూశావా నీ నిజాయితీ ఏం చేసిందో?" అన్నాడు ఎర్మెక్.

"వాటా ఎంతిచ్చారు?" అని అడిగింది ఎజె.

వాడికి వెంటనే అర్థమైంది. బూటుతో నేల మీది చెత్తను అటూ ఇటూ తోశాడు. "బజారన్నాక అందరి దగ్గరా తీసుకుంటాను. నీ ఒక్కదాని దగ్గరే తీసుకున్నానా?"

"నేను ఆ అందరిలో ఒకదాన్నా?"

ఎవరో కొనేవాళ్ళు కేక వేస్తే ఎర్మెక్ అటు వెళ్ళిపోయాడు.

ఆ కబురు బజారంతా పాకింది. ఆ కారులో ఏదో తేడా ఉందట అని ఎవరి నోట విన్నా అదే మాట. అద్దం మీది అక్షరాలు ఎజె తన కండువాతోనే తుడిచేసింది గానీ లాభం లేకపోయింది. చివరికి మామూలు కారుకు వచ్చే ధర కన్నా తక్కువకు ఒక దళారీ పట్టుకుపోయాడు. ఏడుగురి బండి మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు వేరేవాళ్ళ పాత పెట్రోలు కారు దినసరి అద్దెకు తీసుకుని నడుపుతోంది. సాయంత్రానికి బట్టలన్నీ పెట్రోలు వాసన.

ఆ శీతాకాలం తల్లి పేరు మీద ఎర్మెక్ ఇంట్లో సంస్మరణ విందు జరిగింది. రాకపోతే తల్లికి అవమానమని ఎజె వచ్చింది. ఖురాన్ చదివినంతసేపూ కళ్ళు మూసుకుని కూర్చుంది. తర్వాత మాంసం పంచారు. మా దగ్గర వయసును బట్టి ఎముక ఇస్తారు. ఇంట్లో పెద్ద ఆడదానికి వెళ్ళవలసిన ఎముకను ఎర్మెక్ స్వయంగా పళ్ళెంలో పెట్టి, రెండు చేతులతో ఎజె ముందుకు తెచ్చాడు.

"తీసుకో ఎజె. నీదే."

అందరూ చూస్తున్నారు. ఎజె రెండు చేతులతోనే అందుకుంది. అందుకుని, పక్కనున్న పొరుగింటి ముసలమ్మ ముందు పెట్టింది.

"మీరు తినండి అమ్మా. నాకు పళ్ళు బాగాలేవు."

ఆమె పళ్ళు నాకు తెలుసు, గట్టివే. రొట్టెముక్క ఒకటి తుంచి టీలో ముంచుకుని తిని, లేచింది. గుమ్మం దగ్గర నజీరా మాంసం మూట కట్టి ఆమె చేతిలో పెట్టింది. ఎజె వంగి బూట్లు వేసుకునేటప్పుడు ఆ మూటను బల్ల మీద పెట్టింది, మళ్ళీ తీసుకోలేదు. లోపల ఎర్మెక్ ఎవరికో కొత్త కారు ఒకటి వచ్చిందని చెబుతున్నాడు, దాని బలం గురించి.