కాగితం దండగ

ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడను మా కాలనీలో అందరూ దుప్పట్లక్క అంటారు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన చెల్లెలిని తనే చూసుకుంటోంది. ఆ చేతికి రోజూ ఆసుపత్రిలో వ్యాయామం చేయించాలన్నారు. అక్క పనికి నడిచే వెళ్లేది, చెల్లెలు అంత దూరం నడవలేదు. ఇద్దరికీ బస్సు ఛార్జీలంటే ఆవిడ జీతానికి తలకు మించిన భారం.

అలాంటిది, పొగ తగ్గాలి, సొంత బండ్లు మానండి అంటూ బస్సులన్నీ ఉచితం చేశారు. కొండ మీదున్న మా కాలనీకి వచ్చే ఒక్క బస్సూ కిటకిటలాడింది. అక్కతో రోజూ ఆసుపత్రికి వెళ్తూ, మొదట్లో చెల్లెలు కుడిచేత్తో కడ్డీ పట్టుకోలేక ఆవిడ మీద పడిపోయేది. కొన్ని నెలలకు ఆ వేళ్లే మెల్లగా విచ్చుకుని కడ్డీని పట్టుకున్నాయి. ఆ రోజు దుప్పట్లక్క బస్సంతా వినేలా ఏడ్చింది.

ఉచితమైనా కండక్టరు అందరికీ సున్నా టికెట్టు కొట్టాలి. అది ఆవిడకు నచ్చలేదు.

"చెట్లు కాపాడమని బస్సు మీద మీరే రాశారు. మళ్లీ ఈ కాగితాలు దండగ కాదూ తమ్ముడూ?"

"కొట్టకపోతే ఎలా అక్కా" అన్నాడతను. కానీ ఆ రద్దీలో చెయ్యి కదపలేక సతమతమవుతున్న మనిషి, నవ్వేసి టికెట్ మిషన్ సంచిలో పెట్టుకున్నాడు. ఆవిడ అంతటితో ఊరుకుందా? ఎక్కినవాళ్లందరికీ నూరిపోసింది. కాలనీ మొత్తం టికెట్టు తీసుకోవడం మానేసింది.

వానలకు ముందు బస్సు రావడం ఆగిపోయింది. డిపోకి వెళ్లి నిలదీశాం.

"ఆ రూట్లో టికెట్లే తెగట్లేదమ్మా. ఖాళీ బస్సు కొండెక్కిస్తే పొగ తప్ప ఏముంది?" అన్నాడు అధికారి, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

"ఖాళీనా? కాలు పెట్టే చోటుండేది కాదు బాబూ" అంది దుప్పట్లక్క.

"మరి టికెట్లేవి?"

తర్వాత అర్జీలు పెట్టాం, కాళ్లరిగేలా తిరిగాం. బస్సు రాలేదు. ఇంక రాదని నాకు తెలుసు. కాలనీలో ఆవిడను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆవిడే ఓసారి నాతో అంది.

ఇప్పుడు పని నుంచి రాగానే చెల్లెలి వేళ్లు ఒక్కొక్కటే విప్పి కిటికీ చువ్వకు చుట్టిస్తుంది. వదలగానే జారిపోతాయి. నిన్న నేను చూస్తుండగానే చెల్లెలు ఎడమచేత్తో ఆవిడను ఆపింది.

"ఇంక చాల్లే అక్కా. అలిసిపోయావు."

దుప్పట్లక్క వినిపించుకోలేదు. మళ్లీ బొటనవేలి దగ్గర మొదలుపెట్టింది.